పిల్లతల్లులకు పని లేదన్న బోర్డు తీపిచ్చుట గురించి

గౌరవనీయులైన కార్మిక శాఖ పెద్దసారు గారి సముఖమునకు,

ఇటిక్యాల మండలంల ఉండే బాలనాగమ్మ, భర్త కీర్తిశేషులు మాసయ్య, వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: పోయిన నెల నేను ఇచ్చుకున్న అర్జీ మీద తమరు దయతో తీసుకున్న చర్యను, దయతోనే ఎన్కకు తీసుకొనుట గురించి.

పోయినసారి అర్జీ ఆఫీసు ముందట కూసునే ఆయనతోటి రాపిచ్చిన. ఆయన పెద్ద పెద్ద మాటలు పెట్టిండు, పెద్ద ఆర్డరే వచ్చింది. అందుకని ఈసారి రాత్రిబడిల నేర్సిన అక్షరాలతోటి నేనే రాస్తున్న. తప్పులు మన్నించగలరు.

1. మా కోడలు రజిత, సాయన్న పటేలు సీడు పత్తి చేన్ల కూలికి పోతది. మగపూత తెచ్చి ఆడపూతకు రుద్దే పని. ఆమె ఒక సాలుల రుద్దుతుంటె, పక్క సాలుల నా కొడుకు వంశీ వీపుకు పంపు ఏసుకొని పురుగుమందు కొడుతుంటడు. మొగడు కొట్టిన మందు పెండ్లాం చీర మీద పడ్తది. ఆ చీరతోనే ఇంటికొచ్చి పిల్లకు పాలిస్తది. పిల్ల పేరు శ్రీవాణి. దీని ఈడు పిల్లలు గోడ పట్టుకొని నడుస్తుండ్రు, ఇది ఇంక మెడ నిలపలేదు. ఫిట్సు వస్తున్నయి. దవాఖానల డాక్టరమ్మ, ఆ మందు వాసన పిల్లకు తగలనియ్యకుండ్రి అన్నది. అమ్మా, దానికి తల్లీతండ్రి వాసనంటేనే అది, యాడ దాయాలె అన్న.

2. మా దిక్కు తల్లి ఇడిచిన చీరనే పిల్లకు ఉయ్యాల తొట్టె కడ్తరు. ఉతికింది కట్టరు, తల్లి వాసన లేకుంటె పిల్ల పండదు. మేము గట్లనే కట్టినం. డాక్టరమ్మ చెప్పినంక ఉతికి కడ్తున్న. పిల్ల పండుతలేదు. గుక్కపట్టి ఏడుస్తది, ఏడిస్తె ఫిట్సొస్తయి. ఉతకాల్నా వద్దా అని నాకు పొద్దుమాపు ఒకటే రంది. అందుకే చేను కాడ తానానికి ఒక చాటు, నీళ్ళు కావాలనీ, మందు కొట్టే పూట ఆడోళ్ళను సాలులకెళ్ళి బయటికి పంపాలనీ అడిగిన. ఇంకేం అడగలేదు.

3. తమరి ఆఫీసు నుంచి పటేలుకు కాయితం పోయింది. చంటిపిల్లల తల్లులు మందు బారిన పడకుండ తగు జాగ్రత్తలు తీసుకొనవలెను అని. పటేలు తగు జాగ్రత్త తీసుకున్నడు. గట్టు మీద బోర్డు పాతిండు: "పాలు తాగే పిల్లలున్న ఆడోళ్ళకు పని లేదు." తానాల చాటు కంటె బోర్డు చౌక. నేను పోయి మొక్కిన. "నీ మనవరాలి పానం కోసమే గద ముసలమ్మ. సర్కారే చెప్పినంక నేనెంత" అన్నడు.

4. తెల్లారి చేన్లకు పిల్లతల్లి ఒక్కతి రాలేదు. అందరు వచ్చిండ్రు, పిల్లలు లేనోళ్ళయి వచ్చిండ్రు. పని లేకుంటె తినేదేంది, పిల్లను దవాఖానకు తీస్కపొయ్యేదెట్ల. పాలు జారి రైక తడుస్తదని రొమ్ములకు గుడ్డ బిగ్గర కట్టుకుంటుండ్రు. మా పక్కింటి సత్యమ్మకు గడ్డలు కట్టి జరమొచ్చింది. పటేలుకు తెల్వదా అంటె, ఎవరింట్ల ఎవరు పుట్టిండ్రో అన్నీ ఎరుకే. అయినా రోజు పొద్దుగాల గట్టు మీద వరుసకు నిలబెట్టి అడుగుతడు, "పిల్లలున్నరా?" "లేరు పటేలా" అనాలె. మెల్లగంటె మళ్ళ అడుగుతడు.

5. మొన్న శుక్రారం ఇంట్ల ఎవ్వరు లేరు, పిల్లకు ఫిట్సొచ్చినయి. కండ్లు తేలేసింది. ఎత్తుకొని చేనుకే ఉరికిన. రజితా అని పిలిచిన. మా కోడలు తల ఎత్తలేదు. పూత రుద్దుతనే ఉన్నది. పటేలు గట్టు మీదికెళ్ళి, "ఎవరి పిల్ల ముసలమ్మ?" అన్నడు. నాదే పటేలా అన్న. "ఈ వయసులనా? మాసయ్య పోయి యేండ్లాయె గద, ఎట్ల కన్నవ్?" అన్నడు. మేస్త్రీ నవ్విండు, కూలోళ్ళు నవ్విండ్రు. మా కోడలు కూడ నవ్వింది. నవ్వకుంటె దొరికిపోతది.

వంశీ పంపు ఇడిసి ఉరికొచ్చిండు. తండ్రులకు బోర్డు లేదు. కాని చేతులకు మోచేతుల దాక మందు. ముట్టకురా అని నేనే మొత్తుకున్న. కొడుకు చేతులు చాపి నిలబడ్డడు. పిల్ల నా ఒళ్ళె కొట్టుకొని కొట్టుకొని తానే ఊకున్నది. ఇంటికొచ్చినంక రజిత, "అత్తా, పిల్లను చేను కాడికి తేకు. అదే సచ్చే పానమైనా తేకు" అని, తానం చేసి, పాలిచ్చింది.

కావున తమరు ఆ బోర్డు తీపియ్యాలె. నీళ్ళు, చాటు అయితె ఇప్పియ్యుండ్రి, కాకుంటె మానె. మా పిల్లల కోసం పటేలుకు ఇంకో కాయితం మాత్రం రాయొద్దని కాళ్ళు మొక్కి వేడుకుంటున్న. ఈ ముసలిదాని మాట తమరి చిత్తానికి తెచ్చుకోవలెను.

తమ విధేయురాలు,
బాలనాగమ్మ

మరిచిన మాట: ఇచారణకు వస్తె చేను కాడికి రావొద్దు సారు. జీపు సూడంగనె పటేలు అందర్ని గట్టు మీద నిలబెడ్తడు. ఈ పిల్ల తల్లి ఎవరు అని తమరు అడుగుతరు. ఎవ్వరు చెయ్యి ఎత్తరు.