యాదమ్మ తీసిన కొలతలు

మంగళవారం, రాత్రి

జాకెట్లు కుట్టించుకుందామని ఈరోజు ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టైలరు దుకాణానికి వెళ్తే, అది యాదమ్మదని తేలింది. నేను జైల్లో వార్డరుగా ఉన్నప్పుడు ఆరేళ్లు మా బ్యారక్‌లో ఖైదీగా ఉన్న మనిషి. కుట్టుపని అక్కడే నేర్చుకుంది.

నన్ను చూడగానే లేచి చేతులు కట్టుకుని నిలబడింది. "కూర్చో" అన్నాను. అదే పాత గొంతు! రిటైరై నాలుగేళ్లయినా పోలేదు. తన దగ్గర పనిచేసే ఆడవాళ్ల ముందే యాదమ్మ తలొంచుకుని కూర్చుంది. నాకు సిగ్గేసింది.

ఏదో ఒకటి మాట్లాడాలని, జైల్లో వాళ్లు బతుకమ్మ ఆడిన సాయంత్రాలు గుర్తుచేశాను. నేను లాఠీ పట్టుకుని దూరంగా నిలబడేదాన్ని.

"నాకూ మీతోని ఆడాలనుండె యాదమ్మా. యూనిఫాం మీద ఎట్ల ఆడత?"

యాదమ్మ నవ్వింది. "మాకు ఎరుకే మేడం. మీ కాలు తాళమేస్తుండె. మేమందరం చూసేటోళ్లం. చెప్తే మీరు ఆపేస్తరని ఎవ్వలం అనలే."

ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదనే అనుకున్నాను.

తర్వాత టేపు తీసి, "జర చేతులెత్తుండ్రి" అంది. రోజూ తనిఖీలో నేను తనతో అన్న మాట అది. ఎత్తాను. ఎంత మెల్లగా కొలిచిందో! నేనెప్పుడైనా తనను అంత మెల్లగా ముట్టుకున్నానా...