నోట్లో మింగిన మాట

ప్రియమైన అక్కా,

నాకు భయంగా ఉంది. మన చర్చి పద్ధతి నీకు తెలుసుగా. ఎవరైనా పరిశుద్ధాత్మ ప్రేరణతో, ఎవరికీ తెలియని అన్యభాషల్లో మాట్లాడితే, ఇంకొకరు అర్థం చెప్పేదాకా పాటైనా అందుకోరు. పోయిన ఆదివారం సంఘపెద్ద తాతయ్య అలా మాట్లాడి ఆగారు. ఎవరూ నోరు విప్పలేదు. ఆ నిశ్శబ్దానికి ఉండబట్టలేక, "భయపడకు కుమారీ, కత్తి నిన్ను ముట్టదు" అనేశాను.

బేకరీ పిన్ని ఘొల్లుమంది. ఆవిడకి రొమ్ములో గడ్డ ఉంది. ఆ మాట తనకేనని ఆపరేషన్ మానేసుకుంది! పాస్టరుగారేమో నాకు అర్థం చెప్పే వరం ఉందంటున్నారు. వచ్చే ఆదివారం నా తలమీద చేతులుంచి, ప్రార్థన బృందానికి నాయకురాల్ని చేస్తారట. నన్ను చూసి ముసలివాళ్లు కూడా లేచి నిలబడుతున్నారు. ఆ మాట దేవుడిదో, నేనెక్కడైనా విన్నదో తెలియడం లేదు.

గుండె దడతో,
నీ చెల్లి

ఒసే వాగుడుకాయా,

చిన్నప్పుడూ అంతే, ఇల్లు కాసేపు నిశ్శబ్దంగా ఉంటే నీకు ఊపిరాడేది కాదు. ఇంకోప్పుడైతే నవ్వేదాన్ని. ఆపరేషన్ గదిలో నర్సుని కదా, ఆలస్యంగా వచ్చినవాళ్ల గతి కళ్లారా చూస్తున్నాను. ఇవాళే వెళ్లి పిన్నికి చెప్పు. నీకు వరం ఉందో లేదో నెమ్మదిగా తేలుతుంది. గడ్డ ఆగదు.

తొందరలో,
అక్క

అక్కా,

బేకరీకి వెళ్లాను. బ్రెడ్డు కొనుక్కుని వచ్చేశాను. మళ్లీ వెళ్తే, పిన్ని నా చెయ్యి కళ్లకద్దుకుంది. చెప్పకుండానే వచ్చేశాను. పాస్టరుగారితో అంటే, "సందేహం సాతానుది తల్లీ, వరం వచ్చిన కొత్తలో అందరికీ ఇంతే" అన్నారు. మంచి మనిషి, నమ్మే అన్నారు. కాదంటే చర్చిలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను? కొట్లో కుట్టుమిషను ముందు కూర్చుంటే మనసు నిలవడం లేదు. కుట్లన్నీ వంకరే.

దిక్కుతోచని
నీ చెల్లి

చెల్లీ,

నాకూ భయమే, నువ్వు చెప్పవేమోనని. ముఖం చెల్లకపోతే నా దగ్గరికి వచ్చెయ్. పిన్నిని మాత్రం బతకనివ్వు.

అక్క

బంగారు అక్కా,

ఆదివారం మోకరించాను. పెద్దల చేతులన్నీ నా తలమీదున్నాయి. సరిగ్గా అప్పుడే తాతయ్య మళ్లీ అన్యభాషల్లో మాట్లాడి ఆగారు. అందరూ నావైపే చూస్తున్నారు. నోట్లో మాట సిద్ధంగా ఉందక్కా, ఎంత బాగుందో! మింగేశాను.

"నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పోయినసారీ కాలేదు" అన్నాను.

తలమీది చేతులు ఒక్కొక్కటే లేచిపోయాయి. పిన్ని నిలబడింది. "మరి ఆ మాట ఎవరిదే?"

"నీదే పిన్నీ, ఇప్పుడే గుర్తొచ్చింది. నా కొట్లో గౌను కొలతలు తీస్తుంటే ఏడుస్తూ, కత్తి నన్ను ముట్టకపోతే చాలే అన్నావు. జాలేసింది. అదే నోటికొచ్చేసింది."

ఆవిడ బయటికి వెళ్లిపోయింది. నేను చచ్చానే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మా కొట్టుకొచ్చి, "నా మాటేనని అప్పుడే పోల్చుకున్నానే. ఆపరేషనంటే వణుకు. దేవుడి మాటంటే ఇంట్లో ఎవరూ బలవంతపెట్టరని దాని చాటున దాక్కున్నాను" అంది. ఇద్దరం కుట్టుమిషను పక్కనే కూర్చుని ఏడ్చాం.

గురువారం పిన్నిని మీ ఆసుపత్రికే తీసుకొస్తున్నాను. చర్చిలో సగంమంది నాతో పలకడం లేదు. పాస్టరుగారు మాత్రం తలొంచుకుని, బస్సు దాకా సంచి మోస్తానన్నారు. భయం నాకు ఇంకా తగ్గలేదు, పిన్నికీ తగ్గలేదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేముందు నన్నే ప్రార్థన చెయ్యమంది. నావల్ల కాదన్నాను.

"వరాలేం వద్దులేవే. నాకు అర్థమయ్యేట్టు చెయ్యి, చాలు" అంది.

తలుపు దగ్గరే ఉండవూ,
నీ వాగుడుకాయ