జాబితాలో రెనీటా పేరు

2012 ఫిబ్రవరి 25, శనివారం

హెచ్ఐవీ గురించి జనానికి చెప్పడానికి ఇచ్చే ట్రైనింగ్, మొదటి రోజు. ఇరవై ఏళ్లుగా చర్చి జాబితాలూ లెక్కలూ రాసే క్లర్కుని కాబట్టి మా వాళ్లు నన్నే పంపారు. మా ఊరు జాక్సన్‌లో సగం చర్చిల వాళ్లు వచ్చారు, ఇద్దరు బార్బర్లు కూడా. నేర్పే డెల్ఫీన్‌కి నా వయసులో సగం ఉంటుంది. హెచ్ఐవీ మన నల్లవాళ్లకే ఎందుకెక్కువ సోకుతోందో బోర్డు మీద గీసి చూపింది. మందులు వాడితే నిండుగా బతకొచ్చట, సిగ్గుతో మానేసినవాళ్లే పోతున్నారట. మీతో ఎవరైనా చెప్పుకుంటే అది మీ కడుపులోనే ఉండాలి అంది. నాకు చెప్పాలా ఆ మాట? మా చర్చిలో ఎవరి గుట్టు నాకు తెలీదు గనక!

మార్చి 8, గురువారం

చర్చి క్వాయర్ పాటల ప్రాక్టీసయ్యాక రెనీటా ఉండిపోయింది. స్కూలు బస్సు నడుపుతుంది. మా దగ్గర అంత గొంతు ఇంకెవరికీ లేదు. చర్చి వంటగదిలో నేను గిన్నెలు తుడుస్తుంటే, మిస్ ఒడెస్సా, మీరు ఆ హెచ్ఐవీ క్లాసుకి వెళ్తున్నారట కదా అంది. తర్వాత చెప్పేసింది, తనకీ ఉందని. నవంబర్ నుంచీ తెలుసట. మందులు వాడుతోందట. వాళ్లమ్మకి కూడా చెప్పలేదట. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇద్దరం ఏడ్చాం.

నిజం రాస్తాను. ఇంటికొస్తుంటే గర్వంగా కూడా అనిపించింది. అందర్నీ వదిలి నా దగ్గరికే వచ్చింది.

మార్చి 11, ఆదివారం

జబ్బుపడ్డవాళ్ల జాబితా ప్రతి వారం నేనే రాసి నేనే చదువుతాను, సంఘమంతా ప్రార్థన చేస్తుంది. ఆంబ్రోస్ గారి మోకాలు, సిస్టర్ పెర్లీన్ షుగరు. చివర రెనీటా పేరు చేర్చాను. జబ్బేమిటో రాయలేదు. దేవుడికి పేరు చాలు కదా.

మధ్యాహ్నం

భోజనాల దగ్గర పెర్లీన్ నా పక్కకొచ్చి, ఏమ్మా, మొన్న కూడా బస్సు నడిపిన పిల్లకి ఏం జబ్బే, నీ క్లాసు జబ్బా, అంది. ఛ, అదేం కాదు అన్నాను. నా మొహం చూసి, సరేలే, నేనెవరికీ చెప్పను అంది.

పెర్లీన్! ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

మార్చి 14

రెనీటా ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 18, ఆదివారం

రాలేదు. క్వాయర్‌లో దాని కుర్చీని పక్కావిడ కాలితో అవతలికి నెట్టింది. చూశాను. నోరెత్తలేదు. వచ్చే వారం చర్చిలో నాకు ట్రైనింగ్ సర్టిఫికెట్ ఇస్తారట, రెండు మాటలు మాట్లాడమన్నాడు పాస్టర్. మాట్లాడతాను. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుంటాను.

మార్చి 22, గురువారం

చిలగడదుంపల స్వీట్ పై ఓవెన్‌లో కాల్చి, గిన్నెతో రెనీటా ఇంటికి పట్టుకెళ్లాను. తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. ఎవరో వాళ్లమ్మకి ఫోన్ చేసి చెప్పారట. ఇద్దరు తల్లులు మా పిల్లల్ని ఆ బస్సెక్కించం అన్నారట. క్లినిక్కి వెళ్లడం మానేసింది. క్లినిక్ ఎదురుగానే మన చర్చి వాళ్ల బ్యూటీపార్లర్, ఏ మొహం పెట్టుకుని వెళ్లను అంది. మందులు సోమవారంతో అయిపోతాయి.

ఆదివారం అందరి ముందూ క్షమాపణ అడుగుతానన్నాను. నవ్వింది. ఇంకా తెలీనివాళ్లెవరైనా మిగిలుంటే వాళ్లకీ చెప్పేస్తారన్నమాట, మీ మనసు తేలికైతే చాలు కదా, అంది. తలుపేసేసింది.

గిన్నెతో మెట్లు దిగాను. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. జాబితాలో పేరు చేర్చింది కూడా దాని కోసం కాదు. నాతో ఎవరో చెప్పుకున్నారని నలుగురికీ తెలియాలని చేర్చాను. ఇప్పుడు తప్పు ఒప్పుకునే దారి కూడా మూసుకుంది, మూసింది నేనే.

మార్చి 25, ఆదివారం

సర్టిఫికెట్ తీసుకున్నాను. థాంక్స్ చెప్పి కూర్చున్నాను. చప్పట్లు. అందరికన్నా గట్టిగా పెర్లీనే కొట్టింది. జాబితా ఇంక చదవనని పాస్టర్‌తో చెప్పాను. ఏమైందన్నాడు. కళ్లు ఆనడం లేదన్నాను.

సాయంత్రం

మెరిడియన్‌లో ఒక క్లినిక్ ఉంది. తొంభై మైళ్లు. మనల్ని ఎరిగినవాళ్లు అక్కడ లేరు. మంగళవారం తీసుకెళ్తానని రెనీటాకి మెసేజ్ పెట్టాను. దానికి సొంత కారు లేదు. జవాబు రాలేదు.

మార్చి 27, మంగళవారం

పొద్దున ఆరింటికి వాళ్లింటి ముందు కారు ఆపాను. వచ్చింది. కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను. వెనక సీట్లో కూర్చుంది. వచ్చేటప్పుడూ వెనకే కూర్చుంది. మందుల సంచి ఒళ్లో పెట్టుకుంది.

దిగుతూ, మళ్లీ వెళ్లాల్సింది వచ్చే నెల ఇరవై నాలుగున, అంది.