పురుటి రోజు మణి పాలిచ్చింది

ప్రత్తిపాడు,
శనివారం సాయంత్రం.

అక్కకు నమస్కారాలు.

నిన్న పొద్దున పదకొండు గంటలప్పుడు, పురుటి స్నానం చేయించి కూర్చోబెట్టిన కాసేపటికి, మణి తన బిడ్డకు పాలిచ్చింది. తల్లి బిడ్డకు పాలివ్వడం కూడా ఉత్తరంలో రాసే సంగతేనా అనుకుంటావు. మణికి హెచ్.ఐ.వి. ఉంది. పాల ద్వారా అది బిడ్డకు చేరవచ్చు. కాన్పప్పుడు ఆసుపత్రిలో తల్లికి మాత్ర, బిడ్డకు చుక్కల మందు ఇచ్చారు. ఆ తరువాత డబ్బాపాలే పడతానని మణి తనే నిర్ణయించుకుంది. నిన్నటిదాకా అలాగే నెట్టుకొచ్చింది.

మణి అసలు పేరు కాదు, కింద రాసిన మిగతా పేర్లూ కావు. మా పనిలో ఎవరి పేరూ బయటపెట్టకూడదు, నీకైనా సరే.

మీరంతా ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకండి. ఇక్కడ ఎండలు ముదిరాయి. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎండబోశారు. గాలి ఇటు తిరిగితే గదిలో కూర్చున్నా తుమ్ములే. కూరల్లో కారం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. ఇంటావిడ మజ్జిగ ఇంకాస్త పోసి, "తినండమ్మా, మీ బొబ్బిలోళ్ళకి నోరు సుకుమారం" అంటుంది. మంచి మనిషి. ఆదివారాలు మాత్రం గడవవు. అయినా బాగానే ఉన్నానని అమ్మకు చెప్పు.

ఆసుపత్రి తరఫున గర్భిణులను, బాలింతలను ఇళ్ళకు వెళ్ళి కలవడం నా పని. ఆసుపత్రిలో చూపించుకున్నారా, బిడ్డకు ఏం పడుతున్నారు అని అడిగి రాసుకుంటాను. జబ్బున్నవాళ్ళ ఇళ్ళకే వెళ్తే ఊరికి తెలిసిపోతుంది కాబట్టి అందరి ఇళ్ళకూ వెళ్తాను. మణి వాళ్ళమ్మ కోటమ్మగారు నన్ను పురుటికి పిలిచింది కూడా అందుకే, ఏ అనుమానమూ లేకుండా.

మణి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. భర్త మిరపకాయల లారీ నడుపుతాడు. అతనికీ జబ్బుంది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. కోటమ్మగారికి తెలియదు. అమ్మకు చెబితే పాల గొడవ ఉండదు కదా అని కాన్పుకు ముందే మణిని అడిగాను.

"మా బాబాయికి ఇదే జబ్బండి. చేలో పాక వేసి అందులో ఉంచారు. అన్నం కంచం కర్రతో తోసేవాళ్ళు. ఆ కంచం తోసింది మా అమ్మేనండి" అంది.

ఆ మాట మళ్ళీ నేను ఎత్తలేదు.

పాలు పడలేదని మణి అమ్మకు చెప్పింది. కోటమ్మగారు ఊరుకోలేదు. వెల్లుల్లి కారం పెట్టింది. చీరాల నుంచి సొరచేప తెప్పించి పిట్టు చేసింది. పక్కనే కూర్చుని కూతురి చేత తినిపించింది. పాలు ఇంకా పొంగాయి.

నిన్న పురుటికి వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చారు. బిడ్డ ఏడుస్తోంది.

"ఏమే, చంటిది గుక్కపట్టి ఏడుస్తుంటే అట్టా బొమ్మలాగా కూర్చున్నావేంటే?" అంది పక్కింటి సీతమ్మ.

"పాలు లేవు పిన్నీ" అంది మణి.

"లేవా? రవిక తడిసి చీరదాకా వచ్చింది. మా కళ్ళేం పోలేదులే."

"లారీ ఆయన కోసం ఒళ్ళు దాచుకుంటంది" అని ఇంకొకామె. అందరూ నవ్వారు. కోటమ్మగారు నవ్వలేదు. పాలసీసా పక్కన పెట్టి, బిడ్డను తెచ్చి కూతురి ఒళ్ళో పడుకోబెట్టింది.

"తాగించవే. నలుగురిలో నా పరువు తియ్యమాక."

మణి నా వైపు చూసింది. ఆసుపత్రి మనిషి వద్దంటే ఎందుకు వద్దో చెప్పమంటారు. నేను ఏ మాటన్నా జబ్బు పేరు చెప్పినట్టే. మణి పైట అడ్డం వేసుకుంది. బిడ్డ ఏడుపు ఆగింది.

అందరూ భోజనాలకు లేచాక మణి నన్ను అడిగింది. "ఎంత తాగితే అంటుకుంటదండీ?"

"ఇంత అని లేదు మణీ. ఇక ఇవ్వకు. తల్లిపాలూ డబ్బాపాలూ కలిపి పడితే మరీ ప్రమాదం."

"సాయంత్రం మళ్ళీ ఒళ్ళో పెడతదిగా."

బిడ్డ మూతి తుడుస్తూ మళ్ళీ తనే అంది. "అమ్మకి చెప్పాలండి. తోస్తే నన్నే తోసుద్ది. దీన్ని తొయ్యదుగా."

చెప్పేదాకా రొమ్ములో గడ్డ లేచిందని నెట్టుకొస్తానంది. నన్ను మల్లెపూలు తెమ్మంది. బిడ్డ పోయిన బాలింతకు పాలు ఎండిపోవాలని రొమ్ముల మీద మల్లెపూలు కట్టడం ఇక్కడి అలవాటు. ఈ పొద్దున కొన్నాను. పూలమ్మే ఆమె "తల్లోకా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. మణి వాటిని రవిక లోపల పెట్టుకుని పైట కప్పుకుంది. బిడ్డ పక్కనే నిద్రపోతోంది.

మన బుజ్జిగాడు పాలు సరిగా తాగుతున్నాడా అని ప్రతి ఉత్తరంలో అడుగుతాను. ఈసారి ఆ మాట రాయడానికి కాస్త ఆగాల్సి వచ్చింది. తాగుతున్నాడా? మెత్తబడిన అమ్మ నేతచీరలు ఉంటే రెండు పంపు. ఈ బిడ్డకు పక్క వేయడానికి బాగుంటాయి. అమ్మకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు పేరు చెప్పకపోయినా ఫరవాలేదు, ఈ బిడ్డను కూడా తలుచుకోమను.

సోమవారం పది గంటలకు మణి, కోటమ్మగారు, నేను గుంటూరు ఆసుపత్రికి వెళ్తున్నాం. బిడ్డ బరువు చూపించడానికని కోటమ్మగారికి చెప్పాం. జబ్బు గురించి సలహా చెప్పే కౌన్సెలర్ గదిలో తలుపు వేసుకున్నాక మణి తన నోటితోనే చెబుతుంది. బిడ్డకు అంటుకుందో లేదో తేల్చే రక్త పరీక్ష ఏడాదిన్నర నిండాక చేస్తారు.

మీ దీవెనలు కోరుతూ,
నీ చెల్లి
విమల