చూరుకు కట్టిన వరికుచ్చు

బావా,

నువ్వు పోయాక ఇదే మొదటి చలికాలం. పిచ్చుకల కోసం ఏటా నువ్వల్లే వరికుచ్చు ఈసారి నేనల్లాను. నీ అల్లిక నాకు రాలేదు. కంకులు ఊడిపోతుంటే విసుగొచ్చి, పెట్టెలో దాచుకున్న నీ తువాలు అంచు చింపి బిగించి, చూరుకు కట్టాను.

మూడు రోజులైనా ఒక్క పిట్టా రాలేదు. గాలికి కరెంటు ఫ్యాక్టరీ బూడిద కంకుల మీద పడిందేమోనని పదేపదే లేచి దులిపాను. పరవాడ నుంచి వచ్చిన మన అమ్మాయి కసిరింది.

“ఏటమ్మా, ఒక్కసోట కూకోలేవా? నువ్విలా తిరుగుతంటే పిట్టలెలాగొస్తాయి?”

ఈ పొద్దున ఆడపిచ్చుకొకటి వచ్చింది. గింజ ముట్టలేదు. నీ తువాలు పోగొకటి లాక్కుని దూలం సందులోకి ఎగిరింది. మళ్లీ వచ్చి ఇంకోటి లాగింది. కుచ్చు వదులై కిందికి జారుతున్నా నేను లేవలేదు.