నేల మాత్రం మట్టిదే

గద్వాల,
14-8-1991.

చిరంజీవి తమ్ముడు మొగులయ్యకు,

అక్క రామేశ్వరమ్మ దీవించి రాయునది. బీచుపల్లి అంజన్న చల్లని చూపు వల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నాగర్‌కర్నూల్‌లో నువ్వూ, అలివేలూ, పాపా అట్లనే ఉండాలని రోజూ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.

మొన్న సోమవారం పొద్దున ఎప్పటిలాగే వాకిలి ఊడ్చి, దీపం పెట్టి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టాను. చల్లగా తగిలింది. చూస్తే చీలమండల దాకా నీళ్లు. వానకు వెనక గోడ ఒరిగి, ఊట గుంటలోకి దిగింది. చెంబుతో తోడిపోశాను. పడుగు తడవలేదు, దండం పెట్టుకున్నాను. మీ అన్న బాలకిష్టయ్య చూసి, ఇంక ఆగితే గోడ మన మీదనే పడ్తదక్కా, ఏదో ఒకటి కట్టాల్సిందే అన్నాడు.

ఏది కట్టాలన్నదే తగవు. చెలక భూమి అమ్మిన పైకం ఏదో ఒక్కటి కట్టడానికే సరిపోతుంది. కొత్త రోడ్డు మన ఇంటి ముందు నుంచే పడుతుందట, దుకాణాలకు రెండు మడిగెలు కట్టండని ఒక్క నెలలో నువ్వు మూడు ఉత్తరాలు రాశావు. మీ అన్నకు మగ్గాల షెడ్డు కావాలి. రోడ్డు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. చీరలకు ఈ గిరాకీ నిలుస్తుందో లేదో అదీ తెలియదు.

సాయంత్రం ఇస్రాయేలు మేస్త్రీని పిలిచి కూర్చున్నాం. రోడ్డు రాకుంటే మడిగెల ఏం అమ్ముతం, మేకలకు ఆకులా? నాగర్‌కర్నూల్ మిల్లుల కూసొని రోడ్డు కలలు కంటుండు నీ తమ్ముడు అన్నాడు మీ అన్న. మగ్గం మీద గంత నమ్మకముంటే బిడ్డను బడికెందుకు తోలుతున్నవ్ అని మీ వదిన కిష్టమ్మ అంటించింది. అందరం నవ్వాం, మీ అన్న కూడా.

అప్పుడు నేను ఒక్క మాట అన్నాను. గోడలూ కప్పూ రెంటికీ ఒకటే. తేడా నేల దగ్గరే. మడిగెకు బండలు పరవాలి, మగ్గానికి గుంట తవ్వాలి. బండలు పరిస్తే మళ్లీ తవ్వడం కష్టం. గుంటనైతే ఎప్పుడైనా పూడ్చుకోవచ్చు. అందుకని ఊట ఎక్కకుండా అరుగు ఎత్తు చేసి, రోడ్డు దిక్కు రెండు పెద్ద తలుపులు పెట్టి, నేల మట్టిగానే ఉంచుదామన్నాను.

నలభై ఏండ్ల సంది కడుతున్న, గిసుంటిది కట్టలే. దీన్ని ఏమని పిలవాలమ్మా, మడిగెనా మగ్గమా అన్నాడు ఇస్రాయేలు.

మీ అన్న చాలాసేపు గడ్డం గోక్కుని సరే అన్నాడు. ఇప్పటికి రెండు గుంటలు. వచ్చే ఏడు దసరా దాకా చూస్తాం. రోడ్డు పడితే పూడ్చి బండలు పరుస్తాం, లేకుంటే ఇంకో రెండు తవ్వుతాం. ఇదీ ఆ సాయంత్రం అనుకున్నది. వచ్చే శుక్రవారం పునాదికి ముగ్గు పోస్తున్నాం.

ఇట్లు,
నీ అక్క
రామేశ్వరమ్మ

తా.క.: మీ మిల్లు మూతపడి మూడు నెలలైందని అలివేలు బీచుపల్లిలో కలిసినప్పుడు చెప్పింది. తాను చెప్పినట్టు నీకు తెలియొద్దని అంజన్న ఎదుటే అన్నది. ఆ మాట తప్పుతున్నాను కనుక ఆయనే నన్ను మన్నించాలి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోడ్డు పడితే ఒక మడిగె నీది. పడకుంటే మగ్గం ఉంది. పట్టంచు చీర నేయాలంటే మగ్గానికి అవతలి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి కదా. నువ్వు మిల్లు పనికి పోయినప్పటి నుంచి నేను అంచు లేని చీరలే నేస్తున్నాను. మొదటి గుంట ఇద్దరికి సరిపడా తవ్వమన్నాను. ముగ్గుకు ముందురోజు, గురువారమే రండి.