గ్యారేజ్ గడప

ఖురియాత్,
12 నవంబరు 2025, బుధవారం.

చెల్లెలు ఫర్జానాకు శాంతమ్మక్క దీవించి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వక్కడ చల్లగా ఉండాలని నీ దేవుణ్ణీ నా దేవుణ్ణీ ఇద్దరినీ అడుగుతున్నాను.

ముందే చెబుతున్నా, కోపం వచ్చినా చించేయకుండా చివరిదాకా చదువు. ఫోన్‌లో నన్ను బ్లాక్ చేసి కూర్చున్నావు కాబట్టే ఈ కాగితం. పదో తరగతి తప్పాక ఇంత పొడుగు రాత నేను రాసిందే లేదు. ఇది తెచ్చిచ్చే మనిషి పేరు లింబాద్రి, ఆర్మూరు దగ్గరివాడు, ఇక్కడ గల్ఫ్‌లో గ్యారేజ్ తలుపుల పని. రేపు అతనికి మీ షినాస్‌లో డ్యూటీ పడిందంటే కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. నా మీది కోపం అతని మీద చూపించక, మంచినీళ్ళివ్వు.

మన మేడం పాపకు ముందు పళ్ళు రెండూ ఊడాయి. నువ్వీ ఇంట్లో నాతో పనిచేసినప్పుడు నేర్పిన కడప తిట్టొకటి ఇప్పటికీ వాళ్ళ నానమ్మ ముందు అంటుంది. ఆవిడ అదేదో దీవెన అనుకుని మురిసిపోతుంది. నేను నోరు మూసుకుని వంటింట్లోకి పోతాను.

నోరు మూసుకోవడం నాకు బాగా అలవాటే కదా అంటావు. అను. ఆ సంగతే రాయడానికి కూర్చున్నాను.

శ్రావణమాసం మొదటి శుక్రవారం. సలాలాలో వానలు చూడ్డానికి ఇంట్లోవాళ్ళంతా పెద్ద కారెక్కారు. చిన్న కారు గ్యారేజ్‌లో పెట్టాం, తలుపు దించి తాళం చూసుకోండి అని సారు కిటికీలోంచి అరిచి వెళ్ళిపోయాడు. నువ్వు రిమోట్ నొక్కావు. తలుపు సగం దిగి మళ్ళీ పైకి పోయింది. నాలుగుసార్లు అంతే. అక్కా, ఇది దిగలేదే, ఏం జేయాల అని నువ్వు నన్నే అడిగావు. గోడ మీది బటన్ వేలు తీయకుండా నొక్కిపట్టు, అదే చచ్చినట్టు దిగుతుంది అన్నాను. నేనెప్పుడో ఒకసారి అలా చేస్తే దిగింది, అదే నా చదువు. నువ్వు నొక్కిపట్టావు. చిన్న కారు వెనక భాగం తలుపు గీత దాటి బయటికి ఉందని పెట్టిన సారూ చూసుకోలేదు, బటన్ దగ్గర నిలబడిన నీకూ కనబడలేదు. అద్దం పగిలింది, తలుపు రేకు వంగింది, పైన మోటార్ కాలి కంపు కొట్టింది.

మేడం ఈ ఇంటికి వారంటీ కట్టుకుంది కదా, ఏసీ, గీజర్, గ్యారేజ్ తలుపు, దాన్ని ఎత్తే మోటార్ అన్నీ అందులోనే. వాళ్ళ తరఫున మొదట వచ్చినవాడు ఎండకు తట్టుకోలేక అయిదు నిమిషాల్లో తేల్చేశాడు. యంత్రంలో లోపం లేదు, ఇంటి పనిమనిషి మొండిగా నొక్కడం వల్ల పాడైంది, కాబట్టి వారంటీ వర్తించదు అని రాసి, దాని కింద నీ పేరు పెట్టాడు. ఎవరు నొక్కమన్నారని సారు అడిగినప్పుడు నువ్వు ఒక్కసారి నా వైపు చూసి, ఎవరూ అనలేదు, నేనే అన్నావు. నేను చేతిగుడ్డ పట్టుకుని వంటింటి వాకిట్లో నిలబడ్డాను. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనలేదు ఫర్జానా. నన్ను కూడా పంపేస్తారని భయపడ్డాను. నిన్నూ ఆ కాగితాన్నీ మనల్ని పనికి పెట్టే ఏజెన్సీకి పంపేశారు. దాన్ని చూసి మంచి ఇళ్ళవాళ్ళెవరూ నిన్ను తీసుకోలేదనీ, చివరికి షినాస్‌లో ఆ తోట ఇంట్లో పడేశారనీ, అక్కడ పదిమందికి వండి మేకల కొట్టం కూడా నువ్వే కడుగుతున్నావనీ విన్నాను. 

తర్వాత ఏదో షాపువాడొచ్చి రేకూ మోటారూ మార్చి, తలుపంతా తుడిచి పోయాడు. మూడు నెలలు బాగానే నడిచింది. ఈ కార్తీకంలో మళ్ళీ అదే రోగం, సగం దిగడం, పైకి పోవడం. మేడం వారంటీవాళ్ళతో ఫోన్‌లో పోట్లాడింది. ఇప్పుడు బటన్ ఎవరూ నొక్కలేదు, ఇప్పుడేమంటారు అని నిలదీసింది. మొన్న ఆదివారం ఈ లింబాద్రిని పంపారు.

ఇతను మొదటివాడిలా కాదు, నేల మీద చతికిలబడి చూశాడు. ఆ తలుపుకు రెండు పక్కలా, నేలకు జానెడు ఎత్తున చిన్న కళ్ళుంటాయి చూశావా? నేను దీపాలనుకునేదాన్ని. ఒక కంటి నుంచి ఇంకో కంటికి కనబడని వెలుగు పోతుందట. మధ్యలో బిడ్డో పిల్లో అడ్డం వస్తే తలుపు దానంతటదే పైకి పోతుందట. కన్ను మూసుకుపోయినా అంతే, ఎవరో అడ్డం ఉన్నారనుకుంటుంది. గోడ బటన్ వేలు తీయకుండా నొక్కిపడితే మాత్రం ఆ కళ్ళను లెక్కచేయకుండా, ఏది అడ్డమున్నా దిగిపోతుందట. లింబాద్రి ఆ కంటి మీద వేలు పెట్టి గీకి, వాసన చూశాడు. నా మొహం చూశాడు. ఏందమ్మా, శుక్రవారం శుక్రవారం పూస్తున్నవా, గీడ పసుపెట్ల వచ్చింది అన్నాడు. 

అవును తల్లీ. నేనే.

నీకు తెలియకుండా చేశాను, నవ్వుతావని. ముందు వాకిలి పాలరాయి, అక్కడ కెమెరా. వంటింటి తలుపు కింద స్టీలు పట్టీ. ఇంత పెద్ద ఇంట్లో మనింటి గడపలా లేచి ఉన్నది ఆ గ్యారేజ్ సిమెంటు దిమ్మె ఒక్కటే. దాన్ని తుడిచేది నేనొక్కదాన్నే. శుక్రవారం వాళ్ళు నమాజుకు పోయి నానమ్మ ఇంట్లో భోజనం చేసి వచ్చేలోపు కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టేదాన్ని. ఆ రెండు దీపాలకూ ఒక్కో బొట్టు. సాయంత్రం దిమ్మె తుడిచేసేదాన్ని, దీపాలను మాత్రం వదిలేసేదాన్ని. శ్రావణ శుక్రవారమని ఆ రోజు మాత్రం తెల్లవారుజామునే, ఎవరూ లేవకముందు, ఇంకొంచెం దట్టంగా పెట్టాను. పన్నెండేళ్ళుగా పరాయి ఇంట్లో ఉంటున్నదాన్ని, ఒక గడప నాదనుకుందామని ఆశపడ్డాను. ఆ ఆశ నీ నెత్తిన పడింది.

లింబాద్రి మంచివాడు. దుమ్ము పట్టింది, తుడిచిన అని రాస్త, మోటార్‌కు ఏమన్నైతే వారంటీ వస్తది, నీ పేరు ఎక్కడా రాదు అన్నాడు. మరి ఫర్జానా పేరు సంగతేమిటన్నాను. పాత కాగితం మారాలంటే కన్ను ఎట్ల మూసుకపోయిందో, ఎవరు మూసిన్రో, నొక్కమని ఎవరు చెప్పిన్రో రాసి సంతకం పెట్టాలె, ఆలోచించుకో అని ఒక రోజు టైమిచ్చాడు. ఆ రోజంతా నాకు వంటలో ఉప్పు పడలేదు.

సోమవారం సంతకం పెట్టాను. పసుపు పూసింది శాంతమ్మ, నొక్కమన్నది శాంతమ్మ, కళ్ళ సంగతి ఇంట్లో ఎవరికీ కంపెనీ చెప్పలేదు, ఫర్జానా తప్పు ఏమీ లేదు. ఇదంతా ఇంగ్లీషులో, అరబ్బీలో రాయించి మేడం చేతికిచ్చాను. మేడం చాలాసేపు చదివింది. చదివి, ఆ పిల్లకు అన్యాయం చేశాం అంది. సారుకు కారు ఎక్కడ పెట్టాడో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఏజెన్సీకి కొత్త కాగితం నిన్ననే పోయింది. నిన్ను వెనక్కి తీసుకుంటామని మేడం వాళ్ళతో మాట్లాడింది, నీ తోట ఇంటివాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తే వంకలు పెట్టకుండా సరేననే చెప్పు. నా మొహం చూడాలని లేకపోతే మానెయ్, పాప మొహం చూసి రా.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ మంచి కోరే,
శాంతమ్మక్క.

తా.క.: ఒకటి దాచాను. నువ్వు వెళ్ళాక సారు రెండో వీసా రద్దు చేయించాడు, ఇప్పుడీ ఇంట్లో ఒక్కరికే చోటు. నెలాఖరుకు నా వీసా అయిపోతుంది, కొత్త కాగితాలు సంతకానికి సిద్ధంగా ఉన్నాయి. మేడం ముందు నన్నే ఉండమంది, ఆ పిల్లకు ఇంకో మంచి ఇల్లు చూద్దామంది. ఆ మాట నీకు చెబుతూ చెబుతూ ఏళ్ళు గడిచిపోతాయని నాకు తెలుసు. అందుకే మేడంను ఒప్పించి ఆ కాగితాల మీద నా పేరుకు బదులు నీ పేరు రాయించాను. ఇది పైనే రాస్తే మొండిదానివి, రానంటావు. అందుకే అడుగున రాశాను. శనివారం పొద్దున నా ఫ్లైటు. పోయేది నేనే, ఎవరూ పంపలేదు.